మొగ్గల కాలంలో మోగిన గంట

ఆ కబురు నాకు మొదట తెచ్చిన మనిషి మా చర్చి సంఘస్థురాలు కాదు. మా ఊరి పడమటి చేలలో విత్తన పత్తి వేసే రైతు భార్య. ఊళ్లో ఆడవాళ్లంతా ఆమెను అక్కా అనేవారు, నేనూ అలాగే పిలిచాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక సోమవారం మధ్యాహ్నం, సంచి నిండా పాత మగ అంగీలు పట్టుకుని ఆమె నా కుట్టు మిషను దగ్గరికి వచ్చింది. పత్తి చేలో పనిచేసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల అంగీ తొడుక్కుంటారు. కొమ్మలు గీరుకోకుండా, మందు కొట్టిన ఆకు తగిలి చేతులు మండకుండా. వాటికి గుండీలు ఊడిపోయేవి, చంకల్లో చినిగేవి. ఆ కాలంలో నాకు ఎక్కువగా అదే పని.

అక్క సంచి దింపి గడప మీద కూర్చుంది.

"మీ పాటల పెద్దమ్మ ఇగ మీ గుడికి రాదంట. ఎర్కేనా నీకు?"

సూదిలో దారం ఎక్కిస్తున్న నేను ఆగిపోయాను. "ఎవరన్నరక్కా?"

"ఎవరో అనుడేంది, ఆమెనే అన్నది. నిన్న నా పక్క సాల్ల మొగ్గలు గిల్లుకుంట ఏడుస్తుంది. మందు కండ్లల్ల పడ్డదేమో అనుకొని నీళ్ల చెంబు తీస్కపోయిన. 'మందు గాదు లేమ్మా, నా పేరు ఎనకకు పోతుంది' అన్నది. మనిషి ఈడనే ఉండె, పేరు ఏడికి పోతది? గదేంది జర చెప్పు."

నేను చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ పేరును వెనక్కి రాయవలసిన చెయ్యి నాదే.

మా చర్చిలో ఒక పెద్ద పుస్తకం ఉండేది. సంఘంలో చేరినవారందరి పేర్లూ అందులో వరుసగా ఉండేవి. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఆ రోజు ఆడవాళ్లంతా తలంటి పోసుకుని తెల్లచీరలు కట్టుకుని వచ్చేవారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకున్న ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా నేను ఒక చుక్క పెట్టాలి. వరుసగా మూడు బల్లలు తప్పినవారి పేరు పుస్తకం వెనక పేజీలకు మారుతుంది. మళ్లీ ముందుకు రావాలంటే సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. పేరు వెనక ఉండగా ప్రాణం పోతే చర్చి వెనక సమాధుల తోటలో చోటు లేదు. వాగు ఒడ్డున పూడ్చుకోవలసిందే.

ఈ పద్ధతిని నడిపేది సంఘపెద్దగా ఉన్న మా మామ. ఆయన చూపు మందగించాక రాత పని నాకిచ్చారు. నేను బడికి పోయినదాన్ని కాదు. నాగర్‌కర్నూలు వైపు, బల్మూర్ దగ్గర మా పుట్టిల్లు. మా నాయన రోజంతా కూలిపని చేసి వచ్చి, పొద్దుగూకే ముందు అరుగు బండ మీద బొగ్గుతో అక్షరాలు రాసి దిద్దించేవాడు. బండ కడిగితే పాఠం పోయేది. మరునాడు కొత్తది. అలా నేర్చుకున్న రాతే నన్ను ఈ ఇంటికి తెచ్చింది. సంబంధం చూడటానికి వచ్చినప్పుడు మా మామ నాతో ఒక పేజీ చదివించుకుని, "ఈ పిల్ల చాలు మాకు" అన్నాడట. ఆ మాటకు నేను ఇప్పటికీ దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

అంత ఇష్టంగా నేర్చుకున్న అక్షరాలతో నేను చేస్తున్నదేమిటో ఆ సోమవారం దాకా నాకు తట్టలేదు. ఆగస్టులో పెద్దమ్మ పేరు ఎదురుగా ఖాళీ. సెప్టెంబరులో ఖాళీ. ఆమెదే కాదు, ఆమెతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లవి. చుక్క పెట్టడమే నా పని అనుకున్నాను. ఖాళీ ఎందుకుందని నేను ఎవరినీ అడగలేదు.

విత్తన పత్తి సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఆ చేలో పువ్వు తన ఇష్టానికి తాను కాయ కాకూడదు. మధ్యాహ్నం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, బొటనవేలి గోరుతో రేకులనూ లోపలి పుప్పొడినీ గిల్లేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. మరునాడు పొద్దున ఎండ ఎక్కుతుండగా మగ చెట్ల పూలు తెంపుకొచ్చి ఆ మొగ్గల మొనల మీద ఒక్కొక్కటే రాస్తారు. ఆ పూట దాటిందంటే మొగ్గ రాలిపోతుంది. మా దగ్గర దీన్ని క్రాసింగ్ అంటారు. మొదలైతే దాదాపు మూడు నెలలు ఒక్క పూట నాగా ఉండదు. పూలకు ఆదివారం తెలియదు.

మా చర్చి గంటేమో ఆదివారం పది గంటలకు మోగేది. సరిగ్గా మగ పూలు తెంపుకుని సాళ్లలో దిగే వేళకు. విత్తన పత్తి మా ఊరికి వచ్చిన మొదటి ఏడు ఇద్దరు ముగ్గురే ఆ పనికి పోయారు. అది రెండో ఏడు. పని చేయగల ఆడవాళ్లంతా చేలలోనే ఉన్నారు. చర్చిలో ముసలివాళ్లు, పసిపిల్లలు, నేను, మా మామ, కొందరు మగవాళ్లు. పాట ఎత్తుకునేవారు లేక పాస్టరు అయ్యగారే ఎత్తుకుని, మధ్యలో రాగం తప్పి, దగ్గి, మళ్లీ మొదలుపెట్టేవారు. ఆయన పాపం చిన్నవాడు. కొత్తకోట నుంచి మోపెడ్ మీద కృష్ణ వంతెన దాటి వచ్చి, ఆదివారం ఒక్కరోజే నాలుగు ఊళ్లు తిరిగేవారు.

గడప మీద కూర్చున్న అక్క లేచి చీర దులుపుకుంది.

"మేము శనివారం కోడి కూయంగనే తానం జేసి, ఆటోల బీచుపల్లికి పోయి, అంజన్నకు మొక్కి, ఎనిమిది గొట్టెకల్ల చేన్ల ఉంటం. మీ దేవుడు పది గంటలకు గానీ లేవడా ఏంది?"

లోపల మంచం మీద ఉన్న మా మామకు ఆ మాట వినిపించింది. "కోడలా! చేను ముచ్చట్లు చేను కాడ మాట్లాడుకోమను" అన్నాడు గట్టిగా.

"చేను కాడ మాట్లాడుకోనీకె మీవోళ్లు ఏడుస్తుండ్రు గద పెద్దాయనా, అందుకే ఈడికొచ్చిన" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది అక్క.

ఆ సాయంత్రం నేను పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె మాకు చుట్టం కాదు. వయసులో పెద్దదని అందరికీ పెద్దమ్మ. అక్షరం రాదు. కానీ పాటల పుస్తకంలో ఉన్నవీ లేనివీ అన్నీ ఆమె నోట్లో ఉండేవి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఈ ఊరి రాగాలు నాకు తెలియకపోతే, నా పక్కన కూర్చుని మోకాలి మీద తాళం వేసి నేర్పింది. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని చింతపండుతో బొటనవేలు తోముకుంటోంది. మొగ్గల పసరు గోళ్లలో నల్లగా దిగి, ఎంత తోమినా పోదు. దండెం మీద ఆమె అంగీ ఆరేసి ఉంది. చనిపోయిన భర్తది.

"పెద్దమ్మా, ఈ ఆదివారం బల్ల. ఒక్క పూట పని మానుకోరాదూ?"

"మానుకుంటె నా సాలు ఎవరు జూస్తరు? గుంపుల పన్నెండుమందిమి ఉన్నం. నేను రాకపోతె నా మొగ్గలు మిగిలినోళ్ల మీద పడ్తయి. నా భక్తికి వాళ్ల నడుములు ఇరగాల్నా?"

"అయితే మామతో నేను చెప్తా. ఒక మాట ఒప్పుకుంటే..."

"ఏం ఒప్పుకోవాలె?" ఆమె తోముకోవడం ఆపింది. "అందరి ముంగల నిలవడి తప్పయిందనాలె, అంతేనా? నేను దొంగతనం జేసిన్నా బిడ్డా? తాగి పడ్డనా? పని జేసిన. తప్పు గాని దాన్ని తప్పని దేవుని ఇంట్ల నిలవడి ఎట్ల చెప్త?"

మళ్లీ వేలు తోముకుంటూ ఆమే నెమ్మదిగా అంది:

"మా ఆయన పక్కన జాగ ఉన్నది. మీ మామనే అడుగులు ఏసి కొలిచి, ఇది నీకు అని రాయి పెట్టిండు. బతికినన్ని రోజులు ఆయన నన్ను ఇడిసిపెట్టి మేస్త్రీల ఎంబడి బొంబాయి, పూనా దిరిగిండు. సచ్చినంకనన్నా పక్కన వండుకొని నాలుగు తిట్లు తిడ్దామనుకున్న. ఇప్పుడు వాగు కాడికి పోతె, ఆడ ఎవర్ని తిట్టాలె?"

నవ్వుతూనే అన్నది, కళ్లు మాత్రం తుడుచుకుంది. నేను ఇంటికి వచ్చి మా మామ ముందు కూర్చున్నాను. ఆ ఇంట్లో నేను ఆయన మాటకు ఎదురు మాట్లాడిన రోజులు తక్కువ.

"మామా, జర గంట మార్చుదాం. వాళ్ల పనికి అడ్డం రాకుండ."

ఆయన, "నీ మొగుడు పూనాల ఎన్ని అంతస్తుల మీద పని జేస్తుండో నీకు ఎర్కనా?" అన్నాడు.

"ఎర్కే."

"నా ఇద్దరు కొడుకులు ఆడనే ఉన్నరు. ఆదివారం పది గంటలకు పరంజా మీద ఉన్నా సరే, ఇప్పుడు మన గుడి గంట మోగుతుంటది నాయినా అని తలుసుకుంటమని చెప్పిండ్రు. ఊరు మారింది, పంట మారింది, మనుషులు ఎటోళ్లటు పోయిండ్రు. మారనిది గా గంట ఒక్కటే. దాన్ని గూడ జరిపితే ఇగ ఏం పట్టుకోవాలె వాళ్లు?"

అప్పటిదాకా ఆయనది మొండితనం అనుకున్నాను. అది మొండితనం కాదు. దూరంగా ఉన్న కొడుకులను ఆయన ఆ గంటతో కట్టి ఉంచుకున్నాడు. నేను లేచి, వంట చేసుకుంటూ ప్రార్థన చేసుకున్నాను. ఇద్దరిదీ న్యాయమే అయినప్పుడు ఏం అడగాలో తెలియక, ఊరికే ఇద్దరి పేర్లూ దేవుని ముందు పెట్టాను.

బుధవారం ఇంటి ప్రార్థనలకు అయ్యగారు వచ్చారు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. ఆయన మా మామతో తగవు పడలేదు. "పెద్దాయనా, ఈ ఒక్క ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పెడదాం. వాళ్లు బువ్వ తినే టైము. అర్ధగంటల ముగిస్త. కొడుకుల కోసం మీరు పదికి కూడ గంట కొట్టండి, ఎవరొద్దన్నరు?" అన్నారు. మా మామ ఒప్పుకున్నాడు. నేను సంతోషంతో చేను చేనుకూ కబురు పంపాను.

మేము చేసిన పొరపాటు అక్కడే ఉంది. గంట ఎప్పుడు మోగాలో అయ్యగారు, మా మామ, తలుపు చాటు నుంచి నేను, ముగ్గురం తేల్చుకున్నాం. రావలసిన వాళ్లను ఒక్కమాట అడగలేదు.

ఆదివారం ఒంటిగంటకు ఆడవాళ్లు సద్దిగిన్నెలు చెట్టు కింద పెట్టేసి పరుగున వచ్చారు. చీరల మీద మగ అంగీలు, తలలకు తువ్వాళ్లు, చేతులకు పసుపు రంగు పుప్పొడి. చిన్నవయసు వాళ్లు బయట తొట్టిలో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేశారు. ఒకామె తన అంగీ జేబు తడుముకుని, "మా ఆయన బీడీలు ఇందులనే ఉన్నయే, దేవుని ముంగల ఇజ్జత్ పోయేటట్టుంది" అంటే మిగతావాళ్లు నోళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

పెద్దమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "రా పెద్దమ్మా, టైము లేదు."

"నేను రాలేను బిడ్డా."

"అందరూ వచ్చిండ్రు గద."

"వాళ్లది వాళ్లకు. నలబై ఏండ్ల సంది బల్ల కాడికి తెల్లచీరల వస్తున్న. తానం జేయకుండ, మందు వాసనతోని, మగని అంగి ఏసుకొని ఆయన ముంగల ఎట్ల కూసోవాలె? దేవుడు ఏమనడు, నాకు ఎర్కనే. నాకే మనసొప్పదు."

అయ్యగారు లోపల నుంచి చూస్తున్నారు. రొట్టె పళ్లెం ఆయన చేతిలోనే ఉంది. ఆమె గడప బయట నిలబడే పాట ఎత్తుకుంది. ఆ పాట లోపల అందరూ అందుకున్నారు. రెండు నెలల తర్వాత మా చర్చి నిండా పాట వినిపించింది. పాట అయిపోగానే ఆమె చెప్పులు వేసుకుని చేనుకు వెళ్లిపోయింది. పది మందికి చుక్కలు పెట్టాను. పెద్దమ్మ పేరు ఎదురుగా మూడో ఖాళీ మిగిలింది.

పద్ధతి ప్రకారం మరుసటి ఆదివారం ఆ పేరు చదివి వెనక పేజీకి మార్చాలి. ఆ రాత్రి మా మామ అన్నం సరిగా తినలేదు. రెండు రోజులు గడిచాక, "ఆ పుస్తకం తియ్యి కోడలా, ఇదివరకు ఎవరికైనా ఇట్లయిందేమో చూడు" అన్నాడు. వెనక్కి తిప్పుకుంటూ మొదటి పేజీల దాకా వెళ్లాను. అంత పాత పేజీలు నేను ఎన్నడూ చదవలేదు. ఊదారంగు సిరా, గుండ్రటి చేతిరాత. మొదట వచ్చిన అయ్యగారిది. గద్వాల స్టేషనులో రైలు దిగి నడిచి వచ్చేవారట ఆయన. నేను చదువుతుంటే మా మామ కళ్లు మూసుకుని విన్నాడు.

ఒకచోట ఇలా ఉంది: "రైలు దిగి నడిచి వచ్చువరకు పది గంటలు అగుచున్నది గనుక అప్పుడే ఆరాధన." ఇంకో పేజీలో: "నేడు రైలు ఆలస్యము. పన్నెండింటికి కూడితిమి." మరోచోట: "వేరుశెనగ పీకుడు. ఎవరును లేరు. చేనికి వెళ్లి అక్కడ ప్రార్థించితిమి."

నేను చదవడం ఆపాను. మా మామ, "ఆఖరుది మళ్లొకసారి చదువు" అన్నాడు. చదివాను.

"అంటే పది గంటలు దేవుడు పెట్టింది కాదు" అన్నాడు చివరికి. "రైలు పెట్టింది." అంతలో ఆయనే నవ్వాడు. "గా రైలు గూడ ఎన్నడు టైముకు రాకపాయె."

మరునాడు పొద్దున ఆయన కర్ర పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. ఆమె పనికి బయలుదేరుతూ అంగీ చేతులు మడుచుకుంటోంది. మా మామను చూసి కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏమమ్మా, నీకు తెల్లచీర కట్టుకొని రానీకె ఎన్ని గంటలకు వీలైతది?"

ఆమె నా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. "నన్ను అడుగుతున్నవా అన్నా?"

"నిన్నే. నేను గంట కొట్టేటోన్ని. వచ్చేటోళ్లు మీరు."

"సూర్యుడు రాకముందైతే వస్త. తానం జేసి, తెల్లచీర కట్టుకొని వస్త. అయినంక పని చీర కట్టుకొని చేనుకు పోత. ఆరున్నరకు ఇడిసిపెడితె చాలు."

"అంజన్న భక్తురాలు మొదటి రోజే చెప్పింది గీ మాట" అని గొణుక్కున్నాడు మా మామ తిరిగి వస్తూ. "మన దేవుడు పదింటికి గానీ లేవడా అన్నది. నాకు కోపం వచ్చింది గని, ఆమె చెప్పింది నిజమేనాయె."

ఆ శనివారం సాయంత్రమే అయ్యగారు వచ్చి చర్చిలో చాప వేసుకుని పడుకున్నారు. ఊళ్లోని ఎస్.టి.డి. బూతు నుంచి మా ఆయనకు ఫోను చేసి గంట పొద్దున ఐదున్నరకు మారిందని చెప్పాను. ఆయన ఏమంటాడోనని మా మామ పక్కనే చెవి ఒగ్గి నిలబడ్డాడు. "ఐదున్నరకా? ఇంకా మంచిది" అన్నాడు మా ఆయన. "పదికి పరంజా మీద ఉంటం, ఒక చేత్తో తట్ట, ఒక చేత్తో కట్టె. ఏం తలుసుకుంటం? ఐదున్నరకు నల్లా కాడ నిలవడి ఉంటం గద, నిమ్మళంగ తలుసుకుంట. నాయినకు చెప్పు." నేను చెప్పనవసరం లేకపోయింది. మా మామ అప్పటికే ముఖం అటు తిప్పుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున గంట మోగింది. తూర్పున ఇంకా ఎరుపు రాలేదు. వీధుల్లో ఒక్కొక్క తెల్లచీరా వస్తుంటే నేను చర్చి తలుపు దగ్గర నిలబడి చూశాను. ప్రతి ఒక్కరి చంకలో ఒక మూట. పని చీర, మగ అంగీ అందులో. తడి జుట్టుల నుంచి కుంకుడుకాయ వాసన. పెద్దమ్మ అందరికంటే ముందు వచ్చి తన చోట కూర్చుంది, కిటికీ పక్క రెండో వరుస. అయ్యగారు వాక్యం పది నిమిషాల్లో ముగించారు. అంత చిన్న ప్రసంగం ఆయన అదివరకు చేయలేదు, అంత బాగా కూడా చేయలేదని ఆడవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. బల్ల మొదటి ఆదివారమే పెట్టాలన్న పద్ధతి కూడా ఆ రోజు పక్కకు జరిగింది. రొట్టె పళ్లెం పెద్దమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె రెండు చేతులూ చాచింది. బొటనవేళ్లు నల్లగానే ఉన్నాయి. చింతపండుకు పోనిది దేనికీ పోదు.

మూడో ఖాళీలో నేను చుక్క పెట్టాను. పక్కన తారీఖు మార్చి రాయాలా అని మా మామను అడిగాను. "వద్దు. ఎవరన్న ఎందుకని అడిగితే నేను చెప్పుకుంట" అన్నాడు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లు చర్చి వెనక గోడ చాటున చీరలు మార్చుకున్నారు. తెల్లచీరలు మడిచి మా ఇంట్లో దండెం మీద వేసి వెళ్లారు, సాయంత్రం తీసుకుపోవడానికి. ఆరున్నరకల్లా చేను దారిలో అంగీల వరుస కనబడింది. ముందు నడుస్తున్న పెద్దమ్మ ఇంకా పాడుతూనే ఉంది.

ఆ తర్వాత మా చర్చిలో ఒక అలవాటు ఏర్పడింది. తొలకరి పడగానే మా మామ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను అడిగేవాడు, ఈ ఏడు ఏ పంట, ఏ పని, గంట ఎప్పుడు కొట్టాలె అని. మొగ్గల కాలంలో ఐదున్నర. మిగతా నెలల్లో పది. బెంగుళూరు పనులకు పోయినవాళ్లు పండుగలకు వచ్చినప్పుడు సాయంత్రాలు. మూడు బల్లల పద్ధతిని ఎవరూ కొట్టివేయలేదు. కానీ ఒక పేరు ఎదురుగా రెండో ఖాళీ పడితే, నేను ఆ ఇంటికి వెళ్లి రావాలన్నది కొత్త పద్ధతి. ఆ నడకల్లో నేను తెలుసుకున్న సంగతులు ఏ ప్రసంగంలోనూ వినలేదు. ఒక ఇంట్లో జ్వరం, ఒక ఇంట్లో తెల్లచీర చినిగిపోయి సిగ్గు, ఒక ఇంట్లో భర్తతో పోట్లాట. చీర చినిగిన ఇంటికి నా మిషను పనికొచ్చింది. అందుకూ స్తోత్రం.

వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో స్త్రీల కూడికలకు వెళ్లినప్పుడు, కాలం మారింది, సంఘం ఎలా మారాలి అని పెద్దవాళ్లు మాట్లాడుతుంటారు. మైకులు కావాలని కొందరు, కొత్త పాటలు కావాలని కొందరు అంటారు. కావచ్చు. నాకు అంత తెలియదు. ఎవరైనా నన్ను అడిగితే ఈ గంట సంగతే చెప్తాను. రాని మనిషి ఇంటికి పోయి, నీకు ఎప్పుడు వీలవుతుంది అని అడగడం మేము ఆలస్యంగా నేర్చుకున్నాం. అది కూడా మా గుడి మెట్లెక్కని ఒక మనిషి చెప్తేనే.

పెద్దమ్మ మరో నాలుగేళ్లు బతికింది. పోయింది కూడా మొగ్గల కాలంలోనే, సెప్టెంబరులో ఒక గురువారం తెల్లవారకముందు, నిద్రలో. ఆమె పేరు పుస్తకంలో ముందు పేజీలోనే ఉంది, ఆ ఏడు తర్వాత ఒక్క ఖాళీ కూడా లేకుండా. అయ్యగారు కొత్తకోట నుంచి వచ్చేసరికి పది అవుతుందన్నారు. మట్టి ఇచ్చేది అప్పుడే. కానీ అది చేలో మగ పూలు రాసే వేళ. పాడేవాళ్లందరూ చేలోనే ఉంటారు. పాటల పెద్దమ్మను పాట లేకుండా పంపించాలా అని నేను లోలోపల పరేషాన్ అవుతున్నాను.

తొమ్మిదిన్నరకు వీధి చివర అంగీల గుంపు కనబడింది. గుంపులో మిగిలిన పదకొండు మందీ వస్తున్నారు. వాళ్ల ముందు అక్క.

"అక్కా, మొగ్గలు?" అన్నాను.

"నిన్న గిల్లినయన్ని రాలిపోతయి. పోనీ. రేపు గూడ పూస్తయి" అన్నది. ఆమె భర్త రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదని తర్వాత తెలిసింది. కౌలుకు తీసుకున్న చేను అది. ఒక పూట కాయంతా పోవడం వాళ్లకు చిన్న సంగతి కాదు.

ఆమె చేతిలో మడత పెట్టిన అంగీ ఒకటి ఉంది. నేను నాలుగుసార్లు గుండీలు కుట్టిన అంగీ. "చేన్ల కొట్టంల మేకుకు ఏలాడుతుండె. ఆమెది ఆమెకు ఇయ్యాలె గద" అని మా మామకు అందించింది. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. తెల్లచీరలో ఉన్న పెద్దమ్మ తల కింద తానే పెట్టాడు. ఆమె భర్త పక్కన, కొలిచి పెట్టిన రాయి దగ్గరే, పాటల మధ్య ఆమెను పడుకోబెట్టాం. అక్క గోడ దగ్గర చెప్పులు విడిచి చివరిదాకా నిలబడింది. పాటలు ఆమెకు రావు. పెదవులు మాత్రం కదుపుతూ ఉంది.

పెద్దమ్మను తలుచుకోవడానికి మా ఊళ్లో ఒక సంఘమంతా ఉంది. అక్క పేరు మా పుస్తకంలో ముందు పేజీలోనూ లేదు, వెనక పేజీలోనూ లేదు. ఇది చదివిన మీరు ఏ దేవుని ముందు చేతులు జోడించినా సరే, ఆ గడప మీద కూర్చుని నాకు కబురు చెప్పిన ఆమెను ఒక్కసారి తలుచుకోండి.